పిల్లల కోసం చూస్తున్నప్పుడు కషాయాలు, హెర్బల్ టీలు: ఏవి తాగొచ్చు, ఏవి ఆపాలి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది విజయవాడ సత్యనారాయణపురం. పెళ్లయి మూడేళ్లయింది, ఎనిమిది నెలలుగా పిల్లల కోసం చూస్తున్నాం. నాకు పీసీఓడీ ఉంది, నెలసరి ఒకసారి 35 రోజులకొస్తే ఇంకోసారి 50 రోజులకొస్తుంది. పొద్దున్నే థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు, రెండు పూటలా మెట్‌ఫార్మిన్ 500 వేసుకుంటాను. పొద్దున మాత్ర మింగగానే అత్తయ్యగారు మెంతులు, శతావరి, దాల్చినచెక్క వేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా కాచిన కషాయం ఇస్తారు. బరువు తగ్గడానికి రోజుకు మూడు గ్రీన్ టీలు, అవి కాక రెండు ఫిల్టర్ కాఫీలు. ఈమధ్య ఆన్‌లైన్‌లో ఒక ఫెర్టిలిటీ టీ తెప్పించాను. డబ్బా మీద రాస్ప్‌బెర్రీ ఆకు, చేస్ట్‌బెర్రీ, డాంగ్ క్వాయ్, అతిమధురం అని ఉంది. పీసీఓడీకి పుదీనా టీ మంచిదని స్నేహితురాలు అంటోంది. మావారు రాత్రి పాలల్లో అశ్వగంధ పొడి కలుపుకుంటారు. నెలసరి ఆలస్యమైతే అత్తయ్యగారు నువ్వులు, వాము, బెల్లం కాచి ఇస్తారు. ఇందులో ఏది ఉంచుకోవాలి, ఏది మానాలి? ఆవిడ మనసు నొప్పించడం నాకిష్టం లేదు. వేసవి కదా, సబ్జా నీళ్లు తాగొచ్చా?

సమాధానం: మీరు రాసినదాంట్లో ముందుగా సరిచేయాల్సింది ఏ మూలికా కాదు, పొద్దున మాత్రకీ కషాయానికీ మధ్య వ్యవధి లేకపోవడం. థైరాయిడ్ మాత్ర ఖాళీ కడుపున, ఉత్త మంచినీళ్లతో మింగాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపు ఇంకేమీ లోపలికి పోకూడదు. కాఫీ తాగినా, పీచు ఉన్న పదార్థం తీసుకున్నా మాత్ర ఒంటికి పట్టడం తగ్గుతుంది. మెంతుల్లో జిగురుగా ఉండే పీచు చాలా ఎక్కువ. మాత్ర వెనకే ఆ కషాయం తాగుతుంటే మీకు రాసిచ్చిన 50 మైక్రోగ్రాములూ మీకు అందుతున్నాయని చెప్పలేం. పిల్లల కోసం చూస్తూ థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష) 2.5 కంటే తక్కువ ఉండేలా డాక్టర్లు చూస్తారు. మీ చివరి రిపోర్టులో ఎంతుందో మీరు రాయలేదు, తీసి చూసుకోండి. రేపటి నుంచి వ్యవధి పాటించి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ మళ్లీ చేయించుకోండి. ఇప్పటిదాకా సరిగ్గా పట్టని మాత్ర ఇకపై పూర్తిగా పట్టొచ్చు కాబట్టి అదే మోతాదు ఎక్కువైపోయే అవకాశమూ ఉంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే అన్ని వారాలు ఆగకుండా ముందే చేయించండి. ఐరన్ గానీ కాల్షియం గానీ వాడుతుంటే ఈ మాత్రకీ వాటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి.

రెండో సంగతి. మీ ఉత్తరంలో ఇన్ని టీలున్నాయి కానీ ఫోలిక్ యాసిడ్ ఊసు లేదు. గర్భం రాకముందు తీసుకుంటే బిడ్డకు మేలు చేస్తుందని గట్టి రుజువున్నది అదే, ఖరీదు కూడా నామమాత్రం. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకైనా అప్పటికి నెల తప్పి రెండు వారాలే అయి ఉంటుంది. 50 రోజుల నెలసరి అలవాటైన మీకు అప్పటికి అనుమానం కూడా రాకపోవచ్చు. అందుకే గర్భం రాకముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి, వచ్చాక మొదటి మూడు నెలలూ కొనసాగించాలి. షుగర్ ఉన్నవాళ్లకి, మూర్ఛ మందులు వాడేవాళ్లకి, వెనకటి కాన్పులో బిడ్డకు వెన్నుపాము లోపం వచ్చినవాళ్లకి 5 మిల్లీగ్రాముల మాత్ర రాస్తారు. మందుల షాపులో అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది ఆ 5 మిల్లీగ్రాములదే. మీకు ఏది కావాలో డాక్టర్‌ చేత రాయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, ఆ పరీక్షా అదే రోజు చేయించండి. శాకాహారులైతే ఇది మరీ అవసరం.

ఇక కషాయాలు. ఏ దినుసు గురించి మాట్లాడాలన్నా ముందు మోతాదు చూడాలి. పోపులో పడే అర చెంచా మెంతులు వేరు, గ్లాసు కషాయంలోకి దిగిన రెండు చెంచాల మెంతులు వేరు. టీ సంచీలో రెండు గ్రాముల ఆకు ఉంటుంది, దాన్ని వేడినీళ్లలో ఐదు నిమిషాలుంచి తీసేస్తాం. అత్తయ్యగారు చేస్తున్నది అది కాదు, రెండు గ్లాసులు ఒకటయ్యేదాకా మరిగిస్తున్నారు. గింజలో, బెరడులో, వేరులో ఉన్నది చాలావరకు ఆ గ్లాసులోకి దిగుతుంది. ఆయుర్వేదంలో క్వాథం కాచేది అందుకే, అక్కడ దాన్ని మందుగానే లెక్కిస్తారు. రోగికి ఇంత అని కొలత, ఇన్ని రోజులని గడువు ఉంటాయి. మన ఇళ్లలో కొలతా లేదు, గడువూ లేదు. వంటింటి దినుసే కదా అనే ధీమాతో నెలల తరబడి పొద్దున్నే గ్లాసుడు తాగేస్తాం.

మెంతులు రక్తంలో చక్కెర తగ్గిస్తాయి. మెట్‌ఫార్మిన్ చేసే పనీ అదే. రెండూ కలిసిన రోజున టిఫిన్ ఆలస్యమైతే కళ్లు తిరగడం, చెమటలు పట్టడం జరగొచ్చు. అలా జరుగుతుంటే ఉపవాసం వల్ల నీరసమని వదిలేయకండి. గర్భం వచ్చాక మెంతులు వంటల్లో పడేంతే తినాలి, మందు మోతాదులో తీసుకోకూడదు. కాబట్టి మెంతికూర పప్పు, మెంతి మజ్జిగ, ఊరగాయలో మెంతిపిండి నిశ్చింతగా తినండి. కషాయం ఆపేయండి.

శతావరి విషయం కాస్త వేరు. పిల్లి తీగలు అని మనవాళ్లు పిలిచే ఈ మొక్క దుంపలను ఆడవాళ్ల ఆరోగ్యానికి వాడటం ఆయుర్వేదంలో పాత సంప్రదాయం. కానీ పీసీఓడీ ఉన్నవాళ్లలో అండం విడుదల చేయించి గర్భం తెప్పిస్తుందని చెప్పడానికి మనుషుల మీద జరిగిన మంచి పరిశోధనలు చాలవు. ఈస్ట్రోజెన్‌ను పోలిన గుణం ఉందంటారు గనుక, డాక్టర్ లెట్రోజోల్ లాంటి మాత్రలతో అండం పెంచుతున్న నెలలో దాన్ని కలపకూడదు. ఏ మందు ఏం చేసిందో ఎవరికీ అంతుబట్టదు. ఆయుర్వేదం మీద మీకు నమ్మకముంటే బీఏఎంఎస్ చదివిన వైద్యుల దగ్గరికి వెళ్లండి. విజయవాడలోనే నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. థైరాయిడ్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నట్టు చెప్పి, వాళ్లు రాసిచ్చిన మోతాదే వాడండి, ఆ చీటీ మీ గైనకాలజిస్టుకూ చూపించండి. వన్‌టౌన్‌లో ఎవరో మూటగట్టి ఇచ్చిన పొడిని ఆయుర్వేదం అనుకోకండి.

దాల్చినచెక్కలో అసలు చిక్కు ఏ చెక్క కొన్నారనేది. మన పచారీ కొట్లలో బిర్యానీకి ఇచ్చే మందపాటి, గట్టి, ఒకే మడతగా ముడుచుకున్న బెరడు ఎక్కువగా కాసియా. అసలైన సిలోన్ దాల్చిన కాగితంలా పల్చగా, పొర మీద పొర చుట్టుకుని ఉంటుంది, వేళ్లతో నొక్కితే విరుగుతుంది. కాసియాలో కౌమారిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మీరితే కాలేయానికి చేటు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు కిలో బరువుకి రోజుకు 0.1 మిల్లీగ్రాము. 60 కిలోల మనిషికి 6 మిల్లీగ్రాములన్నమాట. కాసియా పొడి ఒక్క టీస్పూన్ మింగితే ఆ హద్దు దాటిపోవచ్చు. వారానికోసారి పులావులో పడే ముక్కకు ఏ భయమూ లేదు. రోజూ నీళ్లలో కాచి తాగాలనుకుంటే మాత్రం కాసియా వద్దు.

ఆన్‌లైన్ డబ్బా గురించి మేం మొహమాటపడం. మూత పెట్టేసి పక్కన పడేయండి. అందులో ఉన్న నాలుగింటిలో ఒక్కటీ మీకు నప్పదు. రాస్ప్‌బెర్రీ ఆకును పాశ్చాత్య దేశాల్లో వాడేది నెలలు నిండాక, కాన్పు దగ్గరపడ్డప్పుడు, గర్భాశయ కండరానికి బలమని. తొలి నెలల్లో అక్కడి మంత్రసానులూ వద్దంటారు. చేస్ట్‌బెర్రీ మెదడులోని డోపమైన్ మార్గం మీద పనిచేసి ప్రొలాక్టిన్ హార్మోన్‌ను తగ్గిస్తుంది, అంటే అది హార్మోన్లను కదిలించే మందు. సంతాన చికిత్స మందులతో దాన్ని కలపకూడదు. ఇది మన వావిలికి బంధువే తప్ప వావిలి కాదు, కాబట్టి ఇంటి దగ్గరి వావిలాకు కోసుకొచ్చి కాయడం మొదలుపెట్టకండి. డాంగ్ క్వాయ్ చైనా వైద్యంలో వాడే వేరు, రక్తాన్ని పల్చబరుస్తుంది. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఒంట్లో పొటాషియం తగ్గించి బీపీ పెంచుతుంది. గర్భిణులు అతిమధురం ఎక్కువగా తీసుకోవద్దని ఫిన్లాండ్ ప్రభుత్వం అక్కడి ఆడవాళ్లకు చెబుతుంది. దగ్గుకు చిన్న ముక్క చప్పరిస్తే ఏమీ కాదు గానీ రోజూ కప్పుల కొద్దీ తాగే వస్తువు కాదది. పైగా ఇలాంటి డబ్బాల మీద మిశ్రమం మొత్తం ఇన్ని గ్రాములని రాస్తారు, ఏది ఎంతుందో విడిగా రాయరు. ఇంకో సంగతి కూడా చూడండి. ఆడవాళ్లలో సంతానం లేకపోవడాన్ని నయం చేస్తామని మందుల ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. టీ అని పేరు మార్చినంత మాత్రాన ఆ మాటకు బలం రాదు.

నెలసరి మొదలైన రోజు నుంచి అండం విడుదలయ్యేదాకా తాగండి, ఆ తర్వాత రెండు వారాలు ఆపండి అనే సలహా మీకూ ఎవరో చెప్పే ఉంటారు. 28 రోజుల నెలసరి ఉన్నవాళ్లకు అది కొంతవరకైనా కుదురుతుంది. మీ విషయంలో అసలు కుదరదు. అండం విడుదలకూ తర్వాతి నెలసరికీ మధ్య సుమారు 14 రోజులుంటాయి. మీకు 35 రోజులకు వచ్చిన నెలలో అండం 21వ రోజు ప్రాంతంలో విడుదలై ఉంటుంది, 50 రోజులకు వచ్చిన నెలలో 36వ రోజు ప్రాంతంలో, లేదా అసలు విడుదలయ్యే ఉండకపోవచ్చు. ముందుగా ఏ నెల ఏదో మీకెలా తెలుస్తుంది? మూత్రంతో చూసుకునే అండం విడుదల స్ట్రిప్పులను నమ్ముకుందామంటే, అవి పట్టి చూసే ఎల్‌హెచ్ హార్మోన్ పీసీఓడీలో తరచూ ఎక్కువగా ఉండి, ఉత్తిపుణ్యానికే రెండు గీతలు చూపించొచ్చు. కాబట్టి మీకు మేం చెప్పే లెక్క ఒకటే: గర్భిణిగా ఉన్నప్పుడు తాగకూడనిది ఏదైనా, చూస్తున్న నెలలన్నిటిలోనూ తాగకూడదు.

ఆ లెక్కలోకి వచ్చే అన్నిటికంటే ముఖ్యమైనది మీరు ఉత్తరం చివర్లో మామూలుగా రాసేసిన నువ్వులు, వాము, బెల్లం కషాయం. నువ్వులుండ తింటే గర్భం పోదు, ఆ భయం అక్కర్లేదు. ప్రమాదమంతా దాన్ని ఇచ్చే సందర్భంలో ఉంది. నెలసరి రాలేదు, అయినా పరీక్ష చేయకుండానే రప్పించే ప్రయత్నం చేస్తున్నారు. ఇవాళ నువ్వులు, రేపు పచ్చి బొప్పాయి, ఎల్లుండి ఎవరో చెప్పిన నాటు మందు. పచ్చి బొప్పాయి పాలు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తాయని ఎలుకల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. బాగా పండిన బొప్పాయికి ఆ గుణం కనబడలేదు. డెంగీ వస్తే తాగించే బొప్పాయి ఆకు రసం కూడా మీకు వద్దు. 35 రోజులు దాటిన ప్రతిసారీ ముందు ఇంట్లో గర్భ పరీక్ష చేసుకోండి, పొద్దున మొదటి మూత్రంతో. లేదని వస్తే వారం ఆగి మళ్లీ చేయండి. భార్యాభర్తలు ఆఖరిసారి కలిసి 21 రోజులు గడిచాక కూడా లేదనే వస్తే అప్పుడు ఆ మాట నమ్మొచ్చు. ఆ తర్వాత నెలసరి తెప్పించడానికి డాక్టర్ ఇచ్చే మాత్రలున్నాయి. ఉందని వస్తే ఆ రోజే థైరాయిడ్ డాక్టర్‌కి ఫోన్ చేయండి, సాధారణంగా మోతాదు పెంచాల్సి వస్తుంది. ఉందని వచ్చాక ఒక పక్క కడుపునొప్పి, రక్తం కనబడటం, భుజం నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది జరిగినా రాత్రయినా పగలైనా ఆసుపత్రి క్యాజువాలిటీకే వెళ్లాలి. గర్భం ట్యూబులో నిలిస్తే ఇలాంటి లక్షణాలే ఉంటాయి.

గ్రీన్ టీ, కాఫీ లెక్క వేద్దాం. గర్భిణులకు రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ మించకూడదని బ్రిటన్, అమెరికా వైద్య సంస్థలు చెబుతాయి. చూస్తున్నవాళ్లూ అదే పాటిస్తే సరిపోతుంది. చిక్కటి డికాక్షన్‌తో చేసిన కాఫీ కప్పుకు 80 దాకా, గ్రీన్ టీ కప్పుకు 30 దాకా, పాల టీ 40 నుంచి 50 వేసుకోండి. రెండు కాఫీలు 160, మూడు గ్రీన్ టీలు 90, మొత్తం 250. ఒక కాఫీ, ఒక గ్రీన్ టీ ఉంచుకుని మిగతావి తగ్గించండి. ఒక్కసారిగా మానితే తలనొప్పి పట్టుకుంటుంది, మూడు నాలుగు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. గ్రీన్ టీ ఫోలిక్ యాసిడ్ రక్తంలోకి చేరడాన్ని కొంత తగ్గిస్తుందని చిన్న పరిశోధనల్లో కనబడింది. ఐరన్ విషయంలో ఏ టీ అయినా అడ్డే. కాబట్టి ఫోలిక్ యాసిడ్, ఐరన్ రాత్రి భోజనమయ్యాక వేసుకోండి, సాయంత్రం ఐదు తర్వాత టీ ముట్టకండి. గ్రీన్ టీ వల్ల తగ్గే బరువు చాలా స్వల్పం. బరువు ఎక్కువగా ఉన్నవాళ్లు ఉన్న బరువులో ఐదు శాతం తగ్గినా పీసీఓడీలో అండం విడుదల మెరుగవుతుంది, అది వచ్చేది అన్నం తగ్గించి నడిస్తేనే. గ్రీన్ టీ సారం నింపిన క్యాప్సూళ్లు మాత్రం కొనకండి, కాలేయం దెబ్బతిన్న సంఘటనలున్నాయి. స్లిమ్మింగ్ టీ, డీటాక్స్ టీ అని అమ్మేవి తిప్పి చూస్తే చాలాసార్లు సునాముఖి ఆకు ఉంటుంది. అది విరేచనకారి. తగ్గేది ఒంట్లోని నీరే, పైగా మింగిన మాత్రలు పట్టకుండా పోతాయి. కలబంద రసానిదీ అదే దారి.

పుదీనా టీ గురించి మీ స్నేహితురాలు చెప్పినదాంట్లో కొంత నిజముంది. స్పియర్‌మింట్ అనే పుదీనా రకం టీ రోజుకు రెండుసార్లు తాగిన పీసీఓడీ ఆడవాళ్లలో మగ హార్మోన్ కొంత తగ్గినట్టు 2007లో టర్కీలోనూ, 2010లో బ్రిటన్‌లోనూ వచ్చిన చిన్న పరిశోధనలు చూపించాయి. మొదటిది ఐదు రోజులది, రెండోది నెల రోజులది. వాటిలో చూసింది హార్మోన్లు, అవాంఛిత రోమాలే. గర్భం వచ్చిందా లేదా అన్నది వాళ్లు చూడలేదు. కప్పు నీళ్లలో ఎనిమిది పది ఆకులు వేసి ఐదు నిమిషాలు మూతపెట్టి తాగితే మీకు నష్టం లేదు, రోజుకు ఒక కప్పు చాలు. మీవారికి మాత్రం రోజూ పుదీనా టీ అలవాటు చేయకండి, ఆ మగ హార్మోన్ ఆయనకు కావాలి.

మీరు అడగకపోయినా ఇవాళో రేపో ఎవరో ఒకరు మీ చేతిలో పెట్టేవి కొన్ని చెబుతాం. తులసి ఆకులు రెండు మూడు తీర్థంలో వేసుకుంటే ఏమీ కాదు. తులసి ఆకు సారం ఎక్కువ మోతాదులో ఇచ్చిన జంతువుల్లో ఆడా మగా రెండింటిలోనూ సంతాన శక్తి తగ్గింది కాబట్టి రోజూ గుప్పెడు ఆకుల కషాయం వద్దు. వేప కూడా అంతే. ఉగాది పచ్చడిలో పువ్వు సరే, పొద్దున్నే వేపాకు రసం మీరిద్దరూ మానాలి. వేపను గర్భ నిరోధకంగా వాడొచ్చా అని మన దేశంలోనే పరిశోధనలు జరిగాయి. కాకరకాయ కూర తినండి, రసం తాగకండి. మందార పువ్వు టీ వద్దు, జంతువుల్లో పిండం గర్భాశయానికి అంటుకోకుండా చేసింది. అయితే హైబిస్కస్ టీ అని ఎర్రగా పుల్లగా అమ్మేది ఈ మందార కాదు, మన గోంగూర జాతి కాయల మీది ఎర్ర తొడిమలు. గుంటూరు గోంగూర పచ్చడికి ఏ అడ్డూ లేదు, ఆ టీని మాత్రం రోజూ తాగే అలవాటు చేసుకోకండి. కెమోమిల్ టీని చామంతి టీ అంటున్నారని పూల మార్కెట్లో చామంతులు కొని మరిగించకండి. అది వేరే మొక్క, పైగా దండలకు పండించే పూల మీద పురుగుమందులు కొడతారు. సోంపు భోజనమయ్యాక చిటికెడు నమలండి, లీటర్ల కొద్దీ సోంపు నీళ్లు వద్దు. కరోనా రోజుల్లో ఆయుష్ శాఖ చెప్పిన తులసి, దాల్చిన, శొంఠి, మిరియాల క్వాథం నాలుగు, రెండు, రెండు, ఒకటి పాళ్లది, 150 మిల్లీలీటర్ల నీళ్లకు 3 గ్రాముల పొడి. జలుబు చేసిన మూడు రోజులూ తాగి ఆపేయండి. అశోకారిష్టం లాంటి అరిష్టాలు, ఆసవాలు పులియబెట్టి చేసేవి, వాటిలో ఆల్కహాల్ ఉంటుంది. టానిక్కే కదా అని సొంతంగా కొనుక్కోకండి.

పసుపు పాలు తాగొచ్చు, గ్లాసుకు పావు చెంచా. దుగ్గిరాల పసుపు యార్డు పక్కనే ఉన్నవాళ్లం, కొమ్ములు కొని పట్టించుకోవడం మనకు కష్టం కాదు. మరీ నిగనిగలాడుతూ చేతికి రంగు అంటే కొమ్ములు మాత్రం వద్దు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ రుద్దే మోసం ఉంది, సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది. సీసం భయం భస్మాలు, సింధూరాలు కలిసిన మందులకూ ఉంది. 2011, 12 సంవత్సరాల్లో న్యూయార్క్‌లో మన దేశపు ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో సీసం ఎక్కువగా బయటపడింది. లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, దినుసుల జాబితా లేని మందు ఎవరిచ్చినా తీసుకోకండి. మగబిడ్డ పుట్టడానికని ఇచ్చే గింజలు, పొడులు ఎంత దగ్గరివాళ్లు తెచ్చినా అసలు నోట పెట్టకండి. బిడ్డ ఆడో మగో వీర్యకణమే నిర్ణయిస్తుంది, అదీ గర్భం నిలిచే క్షణంలోనే. హర్యానాలో అలాంటి మందులను పరీక్షిస్తే హార్మోన్ గుణమున్న పదార్థాలు దొరికాయి, వాటిని వాడిన తల్లుల బిడ్డల్లో అవయవ లోపాలు ఎక్కువగా కనిపించాయి.

మీవారి అశ్వగంధ దగ్గరికొద్దాం. వీర్యకణాల సంఖ్య పెరిగిందని చెప్పే చిన్న పరిశోధనలు కొన్ని ఉన్నాయి. కాలేయం దెబ్బతిన్న సంఘటనలూ ఉన్నాయి. ఆయనకు అసలు కొరత ఉందో లేదో తెలియకుండా పొడి మింగి లాభమేంటి? ముందు రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి వీర్య పరీక్ష చేయించండి. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి గుట్కా, సిగరెట్, మద్యం ఇవాళ మానితే ఫలితం మూడు నెలల తర్వాతి పరీక్షలో కనబడుతుంది. అశ్వగంధ కొనసాగిస్తానంటే వేరుతోనే చేసిన, లైసెన్సున్న పొడి వాడి మూడు నెలలకు ఆపాలి. ఈలోగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే మానాలి. మీరు మాత్రం ఆ పాలు పంచుకోకండి. అశ్వగంధ థైరాయిడ్ హార్మోన్లను పెంచుతుంది, మీ మాత్ర లెక్క తప్పుతుంది. గర్భంలోనూ అది పనికిరాదు.

35 ఏళ్ల లోపువాళ్లు ఏడాది చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లమంటారు. నెలసరి ఇంత ఎడంగా వచ్చే మీరు ఆ ఏడాది కోసం ఆగాల్సిన పనిలేదు, ఈ నెలలోనే వెళ్లండి. పీసీఓడీలో అండం విడుదలకు మొదట ఇచ్చేది లెట్రోజోల్, ఐదు రోజుల కోర్సు. వెళ్లేటప్పుడు మాత్రలతో పాటు ఇంట్లో తాగుతున్న ప్రతి పొడి, ప్రతి డబ్బా సంచీలో వేసుకుని తీసుకెళ్లండి. పేర్లు గుర్తుచేసుకుని చెప్పేకంటే అది నయం.

అత్తయ్యగారి విషయం. ఆవిడ పొద్దున్నే లేచి కాచి ఇస్తున్నది మీ మీద ప్రేమతోనే కాబట్టి గ్లాసు వద్దనకండి, గ్లాసులో ఉన్నది మార్చమనండి. థైరాయిడ్ మాత్రకి గంట గడవాలి, డాక్టర్ చెప్పారని చెప్పండి. ఆరింటికి మాత్ర, ఏడింటికి ఆవిడ గ్లాసు. 300 మిల్లీలీటర్ల నీళ్లలో ఒక టీస్పూన్ ధనియాలు, అర టీస్పూన్ జీలకర్ర వేసి నాలుగైదు నిమిషాలు మరిగించి వడకట్టాలి. బెల్లం, పంచదార వద్దు. చలికాలంలో పావు టీస్పూన్ శొంఠి పొడి వేసుకోవచ్చు, అల్లం ముక్క అయినా సరే. అల్లం గర్భిణులకు వాంతులు తగ్గడానికి కూడా ఇస్తారు, ఎండు అల్లం రోజుకు ఒక గ్రాము లోపు ఉంటే చాలు. బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ ఎన్నిసార్లు ఇచ్చినా తాగండి. సుగంధి షర్బత్ మాత్రం పీసీఓడీ ఉన్నవాళ్లకు ఉత్త పంచదార పాకం కింద లెక్క.

సబ్జా తాగొచ్చు. ఒక టీస్పూన్ గింజలు పెద్ద గ్లాసు నీళ్లలో ఇరవై నిమిషాలు నానాలి, ప్రతి గింజ చుట్టూ తెల్లటి జిగురు ఉబ్బాలి. పొడిగా నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడుతుంది. ఆ జిగురు మాత్రలను పట్టనివ్వదు కాబట్టి పొద్దున తాగకుండా మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల వేళకు పెట్టుకోండి. నిమ్మరసం పిండుకోండి, పంచదార బదులు చిటికెడు ఉప్పు.